అనస్ పట్టిన టేపు

యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ మూడో ఏడు. ఏదైనా పాత వాడను ఉన్నదున్నట్టు కొలిచి గీసుకు రమ్మన్నారు. తోటివాళ్లు కోటలూ గడీలూ వెతుక్కుంటూ పోతే, అనస్ మాత్రం గోదావరిఖనిలో ఓపెన్‌కాస్టు బొగ్గుగని తవ్విపోసిన మట్టిగుట్ట కింద తాను పుట్టిన వాడకే టేపు పట్టుకుని వచ్చాడు. తెలివితక్కువ పని అంటే అదే.

ఆ వాడ నేడో రేపో గనిలో పోతుందని జనం ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నారు. పక్క వాడ పోయిన తీరు అందరూ చూసినవాళ్లే. ముందు గని ఆఫీసు వాళ్ల టేపు వస్తుంది, ఆ తర్వాత గదులను బట్టి పరిహారం. అందుకే ఎవడైనా గోడ కొలిచిపోతే తెల్లారేసరికి ఇటుకలు దిగుతాయి. అనస్‌కు ఇది తెలియక కాదు. మనవాళ్లే కదా, చదువు కోసమని చెప్తే వింటారనుకున్నాడు. గడపగడపకూ చెప్పాడు. అందరూ తలూపారు.

నెల తిరిగాక, కొన్ని కొలతలు మళ్లీ సరిచూసుకు రమ్మని సార్ పంపితే, షీటూ టేపూ పట్టుకుని వాడలో దిగాడు. షీటులో ఉన్న వాడ అక్కడ లేదు. ఇంటికో కొత్త గది మొలిచింది.

పక్కింటి సమ్మవ్వ గడప ముందర అనస్ కాళ్లు ఆగిపోయాయి. పెంకుల వసారాలో పొయ్యి పెట్టి, డ్యూటీ దిగొచ్చే వాళ్లకు మిర్చి బజ్జీలు వేసి బతికే మనిషి. ఆ వసారాను, పొయ్యిని, బల్లను అనస్ ఎంతో మురిపెంగా గీశాడు. ఇప్పుడక్కడ కప్పు లేని నాలుగు గోడలున్నాయి. పొయ్యి లేదు, బేరం లేదు.

"వసారా ఏదవ్వా?"

"కూలగొట్టిన బిడ్డా. వసారాను గదుల లెక్కల కలుపరట గదా."

"ఎవ్వరు రారవ్వా. నేను కాలేజీ కోసం కొలిచిన. ఒట్టు."

సమ్మవ్వ ముసిముసిగా నవ్వింది. "ఆఫీసోళ్లు చెప్పొద్దన్నరేమో, గట్లనే అను. ఎప్పుడొస్తరో నా ఒక్కదాని చెవుల ఏస్తే జల్ది పైన రేకులు ఏపిస్త."

ఇంటికెళ్లి మొత్తుకుంటే తండ్రి అలీముద్దీన్ అన్నం ముందు నుంచి తలెత్తలేదు. నువ్వు ఎంత కాదంటే వాళ్లు అంత గట్టిగా నమ్ముతారని మాత్రం అన్నాడు. సార్‌కు ఫోన్ చేస్తే, కంటికి కనిపించిందే గీయమన్నాడు. ఆయన చెప్పిందీ తప్పు కాదు.

మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగింది. అందరూ ఇళ్లలోంచి బయటికొచ్చారు. నేల అదిరింది. సమ్మవ్వ పచ్చి గోడలోంచి ఇసుక జలజలా రాలింది. ఆమె కొంగుతో ఆ చోటు తుడిచి, కాలిన మచ్చలున్న చేతిని అనస్ ముందు చాపింది.

"ఆ కొస నాకియ్యి. నేను పట్టుకుంట. కొంచెం కూడ తక్కువ రాయకు కొడుకా."

అనస్ టేపు కొస ఇచ్చాడు. ఆమె దాన్ని గోడ మూలకు ఆనించి, బొటనవేలితో గట్టిగా అదిమి పట్టుకుంది. అతను వెనక్కి నడుస్తూ టేపు లాగాడు. వసారా గీసిన చోట చెరిపి, గది అని రాశాడు.