పప్పు లేని మూడు రోజులు

ఆఫీసులో ఏడాదికోసారి చేసే ఆరోగ్య పరీక్షలో, నా తిండిలో ప్రోటీన్ చాలడం లేదన్నారు. సాయంత్రానికల్లా ప్రోటీన్ పొడి డబ్బా కొనేశాను. నాకు ఆత్రం ముందు, బుద్ధి తర్వాత. కొత్తగూడలో మా ఫ్లాటు వంటింట్లో, కందిపప్పు సీసా పక్కనే దాన్ని ప్రతిష్ఠించాను.

మర్నాడు మా వంటక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పాలమూరు మనిషి, మా అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్లకు వండుతుంది.

"గీ డబ్బల ఏముంది సార్?"

క్లయింటుకు చెప్పినట్టు చెప్పాను. ఒంటికి ప్రోటీన్ కావాలి, అది అమైనో ఆమ్లాలతో తయారవుతుంది, వాటిలో కొన్ని తిండి నుంచే రావాలి, అవన్నీ రెండు చెంచాల పొడిలో ఉన్నాయి. "ఇక పప్పుతో కూడా పనిలేదక్కా," అని గొప్పకోసం ఒక ముక్క తగిలించాను.

ఆ ముక్కే కొంప ముంచింది. ఆ రోజు నుంచే అన్నం, చింతపండు చారు మాత్రం వండి, పళ్లెం పక్కన డబ్బా పెట్టి వెళ్లిపోయేది. పప్పు అడగడానికి నాకు పౌరుషం అడ్డొచ్చింది. పొడిని మజ్జిగలో కలిపాను. చాక్లెట్ వాసనొచ్చే మజ్జిగ పగవాడికి కూడా వద్దు. మూడో రోజు చారన్నంలో కలిపాను. దాని గురించి రాయలేను.

ఆఫీసు వాళ్లు ఏర్పాటు చేసిన పోషకాహార నిపుణురాలికి ఫోన్ చేస్తే ఆవిడ నవ్వారు. "అన్నంలో తక్కువైన అమైనో ఆమ్లం పప్పులో ఉంటుందండి, పప్పులో తక్కువైంది అన్నంలో ఉంటుంది. ముందు రోజూ పప్పు ఇంకాస్త ఎక్కువ తినండి, పొడి సంగతి తర్వాత చూద్దాం."

మర్నాడు పొద్దున్నే కాళ్లబేరానికి వచ్చాను. "తప్పయిందక్కా, పప్పు వండు."

ఆమె నవ్వలేదు. "మొన్న పప్పొద్దంటివి. రేపు కూరొద్దంటవు, ఎల్లుండి నేనే వద్దంటవని మస్తు పరేషానైన సార్."

నాకు సిగ్గేసింది. మూడు రోజులూ నేను నా నాలుక కోసం ఏడిస్తే, ఆమె తన పని పోతుందని భయపడింది. "ఎన్ని డబ్బాలొచ్చినా నీ పని పోదక్కా," అన్నాను, మనస్ఫూర్తిగానే.

ఆమె మొహం తేటపడింది. కుక్కర్ కూతపెట్టింది. వేడివేడి మామిడికాయ పప్పు వడ్డిస్తూ అడిగింది. "మీ ఆఫీసులల్ల ఇగ కంప్యూటరే అన్ని పనులు చేస్తదంట గద. మరి నీ పని ఉంటదా సార్?"

పళ్లెం ముందుకు జరిపి, ఇంకో గరిటె వేయమన్నాను.