చింతగింజ రంగు గుడ్డు

తొంభైల్లో నేను కోడూరు హైస్కూల్లో పనిచేసేటప్పుడు మా ఎదురింట్లో ఒక పిన్ని ఉండేది. కోడి పెట్టిన ప్రతి గుడ్డునూ తన ముంజేతి పక్కన పెట్టి చూసుకునేది. పాలిపోయిన గుడ్డయితే కూరకి, ముదురు రంగుదయితే పొదిగించడానికి. "నా చెయ్యంత నల్లటి గుడ్డు పెట్టే పెట్ట నా పెరట్లోనే పుట్టాలమ్మాయ్," అనేది. పుట్టినప్పట్నుంచీ నల్లపిల్ల అనిపించుకున్న మనిషి, ఆ మాట మాత్రం నవ్వుతూ అనేది.

ఏళ్ళ తరబడి ఏరగా ఏరగా గుడ్లు చింతగింజ రంగుకొచ్చాయి. ఇక ఈకలు కూడా కాకిడేగలా, నలుపులో ఎరుపు మెరవాలని అవనిగడ్డ నుంచి ఒక పుంజుని తెచ్చింది. నాలుగు రోజులు విడిగా ఉంచాలన్న సంగతి తెలిసీ, మురిపెం ఆగక ఆ పూటే పెట్టల్లో వదిలేసింది. దాంతోపాటే కొక్కెర తెగులు వచ్చింది. నేను సెలవులకి మా ఊరెళ్ళి వచ్చేసరికి కోళ్ళగూడు ఖాళీ.

పలకరించడానికి వెళ్తే అన్నం తినందే కదలనివ్వలేదు. గుడ్ల పులుసు వడ్డించింది. తిని చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. బూడిదకుప్ప మీద చింతగింజ రంగు పెంకులు కనిపించాయి.

"ఇవి పొదిగించడానికి దాచినవి కదా పిన్నీ! ఎవరి పెట్ట కిందైనా పెట్టించాల్సింది."

"రంగు పిచ్చితో వీటి తల్లుల్ని నేనే చంపుకున్నానమ్మాయ్. మళ్ళీ ఏ మొహం పెట్టుకుని పొదిగించను?"

వంగి ఒక పెంకు తీసి, అలవాటుగా ముంజేతి పక్కన పెట్టుకుంది. రెండూ ఒకటే రంగు. ఆమె మాత్రం అటు చూడలేదు.

"పులుసులో ఉప్పు సరిపోయిందా?" అని నన్నడిగింది.