ఎడమ పెట్టె

కమాల్ బాషా ఎవర్నీ నమ్మడు. ఈ మాట నేను కడుపుమంటతో చెప్పడం లేదు. ప్రొద్దుటూరులో ఆయన స్పీకర్ల షాపు పక్కనే పదకొండేళ్ళుగా నా వ్యాను నిలుపుకుంటున్నవాణ్ణి, చూసిందే చెప్తున్నాను. టీ తెచ్చిస్తే పాలు ఎప్పటివని అడుగుతాడు. నేను జ్వరమొచ్చి రాలేదంటే నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాడు. అదంతా ప్రేమ అనుకున్నాను మొదట్లో. కాదు, తనిఖీ.

ఆయన పనికి ఆ గుణం బాగానే పనికొచ్చింది. ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టుకోవాలనుకునేవాళ్ళు జమ్మలమడుగు నుంచి, చాపాడు నుంచి వెతుక్కుంటూ వచ్చేది ఆయన దగ్గరికే. పెట్టె మీద రెండువేల వాట్లని రాసుంటే, "రెండువేలా? ఇంగ ఊర్లో ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకప్పా?" అంటాడు. ప్రతి స్పీకరునూ విప్పుతాడు. గోడ గడియారంలో వేసే సెల్లు తెచ్చి వైర్లకు తగిలిస్తాడు. స్పీకరు మధ్యనున్న కాగితం ముందుకు ఎగిరిందా వెనక్కి పోయిందా చూస్తాడు. చివరకు ముందు వరుసలో కుడి, ఎడమ, మధ్య మూడూ పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని కళ్ళు మూసుకుంటాడు. తెర మీద మనిషి ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే గొంతు మారకూడదు. మారితే జత కుదరనట్టే. "మీటరు అబద్ధం చెప్తాది, కంపెనీ అబద్ధం చెప్తాది. చెవి చెప్పదు" అనేవాడు.

జమ్మలమడుగులో ఉండే అలీ అహ్మద్ ఆయన బామ్మర్ది, అంటే భార్య ఖమర్‌బీకి తమ్ముడు. స్పీకర్లకు చెక్క పెట్టెలు చేస్తాడు. స్పీకరు ఈయన ఎంచాలి, పెట్టె అతను కట్టాలి. ఇరవై రెండేళ్ళుగా అదే వరస. ఏడాదిన్నర కిందట కమాల్ బాషాకు ఒక అనుమానం పట్టుకుంది. ఏ జత పెట్టి విన్నా ఎడమ పెట్టె మబ్బుగా, గుడ్డ కప్పినట్టు మోగుతోందట. "ఒక పెట్టెకు మంచి ప్లైవుడ్డు, ఇంకోదానికి పండ్ల బుట్టల చెక్క. నా బామ్మర్దే నా నోట్లో మన్ను కొడ్తాండాడు" అని చివరికొకరోజు టీకొట్టు దగ్గర పదిమంది వినేలా అన్నాడు. ఆ మాట జమ్మలమడుగు చేరడానికి ఒక్క బస్సు చాలు.

అలీ అహ్మద్ పోట్లాటకు రాలేదు. రాకపోవడమే తప్పయింది. "తప్పు చేసినోడు కాబట్టే నోరు లేస్తాల్యా" అన్నాడు ఈయన. ఎనిమిది నెలలుగా రాకపోకలు లేవు. రంజాన్‌కు కూడా ఖమర్‌బీని పుట్టింటికి పంపలేదు. నాకైతే ఒళ్ళు మండిపోయింది. ఆడమనిషి ఏం చేసిందని?

ఇంతలో పులివెందుల నుంచి వెంకటరమణమ్మగారి బేరం వచ్చింది. చీనీ, అదే బత్తాయి, తోటలున్న ఆమె. మేడ మీద గది కట్టించుకుని, పౌరాణిక నాటకాల పద్యాలు గది నిండా మోగేలా వినాలని కోరిక. కావలసినంత పెద్ద పెట్టెలు చేసేవాడు అలీ అహ్మద్ తప్ప ఇంకొకరు లేరు. కమాల్ బాషా ఒప్పుకున్నాడు. ఎందుకొప్పుకున్నాడో నాకు తర్వాత చెప్పాడు.

"ఈసారి వాణ్ణి గూడా ఆడికి తీస్కపోతాం. పెద్దమనుషుల ముందరే పట్టిస్తా. తేలిందా, ఇంగ సావుకైనా బతుక్కైనా వాళ్ళ గడప తొక్కను. నువ్వు సాక్షి నారాయణా."

"నేను డ్రైవర్ను మామా."

"డ్రైవరుకు చెవుల్లేవా?"

జమ్మలమడుగులో పెట్టెలు ఎక్కించేటప్పుడు చూశాను. కమాల్ బాషా జేబులోంచి చాక్‌పీసు తీసి, ఒక పెట్టె అడుగున ఎవరికీ కనపడకుండా గుర్తు పెట్టాడు. తట్టినప్పుడు మబ్బుగా పలికింది అదేనట. పెట్టె చాటునే నిలబడ్డ అలీ అహ్మద్ కూడా అది చూశాడు. ఇరవై రెండేళ్ళు చేసిన చేతిని చాక్‌పీసుతో గీసినట్టయింది. తల వంచుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. కమాల్ బాషా ఎప్పట్లాగే ముందు నా పక్కన కూర్చున్నాడు. ముద్దనూరు మీదుగా పులివెందుల చేరాం.

మేడ మీద గదిలో అన్నీ అమర్చేసరికి మధ్యాహ్నమయింది. గుర్తున్న పెట్టెను ఆయనే ఎడమ వైపు పెట్టాడు. పద్యం మొదలైంది. కళ్ళు మూసుకుని విని, లేచి, వేలు చూపించాడు.

"ఇదో, ఎడమది. విన్నారు గదా అందరూ?"

నాకు తేడా తెలియలేదు. వెంకటరమణమ్మ కూడా, "నాకు రెండూ ఒకటే మాదిరి వినపడ్తాండాయే" అంది.

"మీకు తెలీదులే అమ్మా. మార్చి పెడ్తా చూడండి. తప్పు యా సామాను ఎంబడి పోతే, ఆ సామానుదే తప్పు." ఇది ఆయన జీవితమంతా నడిపిన పద్ధతి. గుర్తున్న పెట్టెను కుడికి, కుడిదాన్ని ఎడమకు మార్చాడు. మళ్ళీ కూర్చున్నాడు. ముఖం మారింది. పెట్టెతో పాటు మబ్బు కుడికి రాలేదు. ఎడమనే ఉంది.

"అట్లయితే యాంప్లిఫయరు" అన్నాడు. వైర్లు అటూ ఇటూ మార్చాడు. ఎడమే. "గోడలో వైరింగు చేసింది ఎవరు?" అన్నాడు. వెంకటరమణమ్మకు కోపం వచ్చింది.

"ఇంగో పెట్టె అమ్మాలని చూస్తాండావా ఏంది? పొద్దుట్నుంచీ మబ్బు మబ్బు అంటావు, ఆ మబ్బు నీకొక్కనికే యాడ కనపడ్తాంది?"

అప్పుడు, అంతవరకూ గోడకు ఆనుకుని ఉన్న అలీ అహ్మద్ ముందుకొచ్చాడు. మెల్లగా అన్నాడు: "బావా, అన్నీ మార్చినావు. కుర్చీ ఒగటి మార్చలే. అటు తిరిగి కూర్చో."

"ఎందుకు?"

"కూర్చో."

అనుమానంగానే కుర్చీ తిప్పుకున్నాడు, స్పీకర్లకు వీపు పెట్టి. పద్యం మళ్ళీ మొదలైంది. గదిలో ఏదీ కదల్లేదు. కానీ కమాల్ బాషా చెయ్యి తనంతట తానే లేచి ఎడమ చెవి దగ్గరకు పోయింది. ఇప్పుడు ఆ చెవి కుడి స్పీకరు వైపుంది. మబ్బు అక్కడికి వచ్చింది. తప్పు యా సామాను ఎంబడి పోతే ఆ సామానుదే తప్పు.

ఆయన ముఖం చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను. స్పీకర్లు జత కూర్చేవాడికి చెవి పోయిందంటే, రేపు షాపు తలుపు ఎవరి కోసం తీయాలి?

"ఏందప్పా తేలింది?" అంది వెంకటరమణమ్మ.

అలీ అహ్మదే అందుకున్నాడు. "నా పెట్టెల్లోనే అమ్మా. లోపల బిగువు చాల్లేదు. బావ ముందే చెప్పినాడు. ఇప్పుడే సరిచేస్తా." అని స్క్రూడ్రైవరు కూడా తీశాడు.

కమాల్ బాషా చాలాసేపు ఆ స్క్రూడ్రైవరు వైపే చూశాడు. తర్వాత లేచి దాన్ని లాక్కున్నాడు.

"అబద్ధం చెప్తాండాడమ్మా. మా బామ్మర్దిని నమ్మొద్దు" అన్నాడు. "పెట్టెలు బంగారం మాదిరి ఉండాయి. తప్పు నాది. నా ఎడమ చెవి పోయింది."

ఆమె కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "పోతే పోనీ, ఇంగోటి ఉండాదిగా. అన్నం తిని పోండి" అంది.

నాకు సిగ్గేసింది. పదకొండేళ్ళుగా ఆయన నా వ్యానులో ముందు సీట్లో కూర్చుంటే నాకు దగ్గరగా ఉండేది కుడి చెవి. నేనేం కనిపెట్టగలను? అయినా పక్కనున్నవాణ్ణి.

తిరుగుప్రయాణంలో ఆయన ముందు కూర్చోలేదు. వెనక సీటెక్కాడు. అలీ అహ్మద్ వ్యాను చుట్టూ తిరిగొచ్చి రెండో తలుపు తీసి, ఆయనకు కుడి పక్కన కూర్చున్నాడు.

"ఇటెందుకొచ్చినావు?" అన్నాడు ఈయన, పాత అలవాటుతో.

"నీకు వినపడాల్నని."

ముద్దనూరులో రైలు గేటు పడింది. వ్యాను ఆపాను. అప్పుడన్నాడు కమాల్ బాషా, ఎవరికి చెప్తున్నాడో తెలియకుండా.

"మీ అక్క ఎనిమిది నెల్లుగా నాతో మాట్లాడదనుకున్నా. పండుకున్నాక పిలుస్తా. పలకదు. తమ్ముని పక్షం కట్టింది, నన్ను లెక్కజేస్తాల్యా అనుకుని నేనూ మాట మానుకున్నా." ఎడమ చెవి రుద్దుకున్నాడు. "నేను కుడి చెవి దిండుకు ఆనిచ్చి పండుకుంటా. ఆమె పండుకునేది నా ఎడమ పక్క."

అలీ అహ్మద్ జేబురుమాలు తీసి బావ చేతిలో పెట్టాడు.

జమ్మలమడుగులో అతన్ని దింపి, ప్రొద్దుటూరు చేరేసరికి పొద్దు వాలింది. ఇంటి ముందు వ్యాను చప్పుడు విని ఖమర్‌బీ తలుపు తీసింది. గడప దగ్గరే నిలబడి, మెల్లగా ఏదో అంది.

కమాల్ బాషా రెండడుగులు వేసి, మెడ తిప్పి, కుడి చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"మళ్ళా చెప్పు" అన్నాడు.