కట్టెలు తినని మంట

ఈ సంగతి ఎక్కడో ఒకచోట రాసిపెట్టక తప్పడం లేదు. మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ హాలు గోడలో అద్దం వెనుక వెలిగే కరెంటు మంటను చూస్తారు, దాని ముందు పేర్చి ఉన్న కట్టెలను చూస్తారు, "కరెంటు మంటకు కట్టెలెందుకు?" అని అడుగుతారు. చెప్పీ చెప్పీ నోరు అలసిపోయింది. ఇకమీదట ఎవరడిగినా ఈ కాగితాలు చేతిలో పెట్టి, వాళ్లు చదివేదాకా కాసేపు కళ్లు మూసుకుంటాను.

ఆ రోజుల్లో, అంటే మొయినాబాద్‌లో ఒక విత్తనాల దుకాణంలో నాకు కొత్తగా ఉద్యోగం దొరికిన రోజుల్లో, నాకు తెలియని విషయం ఏదైనా ఉంటే అది ఇంకా చేవెళ్ల గ్రంథాలయానికి రాలేదని అర్థం. (పదో తరగతి దగ్గర ఆగిన చదువును అక్కడి పంకా కింద కూర్చుని నేనే ముందుకు తోసుకున్నాను. తేనెటీగల పెంపకం నుంచి గుండె జబ్బుల దాకా ఏ పుస్తకాన్నీ వదల్లేదు.) ఆ ఏడు మా బాపుకు దగ్గు పట్టుకుంది. ఈ చలికాలం కూడా పొగ పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయని దవాఖానలో డాక్టర్ ఖండితంగా చెప్పాడు. బాపు బీడీ ముట్టడు. ఆయన పీల్చే పొగంతా వీధి మలుపులో ఆయన అన్న, అంటే మా పెద్దబాపు, వేసే చలిమంటది. తెల్లవారుజామున ఐదింటికి గొంగడి కప్పుకుని అక్కడికి పోకపోతే ఆయనకు తెల్లవారదు. పోవద్దని ఇంటిల్లిపాదీ బతిమాలాం. బుద్ధిగా తలూపాడు. మర్నాడు ఐదింటికి మళ్లీ గొంగడి కప్పుకున్నాడు.

దారి నాకు గ్రంథాలయంలోనే దొరికింది. ఇళ్ల అలంకరణ గురించిన ఒక లావుపాటి పుస్తకంలో గోడలో ఇమిడే కరెంటు మంట బొమ్మ ఉంది. పొగ లేదు, బూడిద లేదు. అద్దం వెనుక మంట ఆడుతుంది, కింద నుంచి వేడిగాలి వస్తుంది. వారం రోజులు నోట్సు రాశాను. గది పొడవు, వెడల్పు, కావలసిన వాట్లు, దానికి విడిగా లాగాల్సిన వైరు, అన్నీ. చిక్కు ఒక్కటే. చలిదేశాల వాళ్ల హాలు గోడలో ఉండే పాత పొయ్యి గూట్లోకి దీన్ని జరపండి అని అందులో ఉంది. మా హాల్లో పొయ్యి గూడు ఎక్కడిది? ఉన్నది అవ్వ (మా అమ్మ) గిన్నెలు పెట్టుకునే గోడ అల్మారి.

ఊళ్లో కరెంటు పని చేసే షాకన్నను (స్తంభం మీద రెండుసార్లు షాక్ తగిలినా బతికినవాడు) పిలిచాను. ఆయన గోడను చూశాడు, నా నోట్సును చూశాడు.

"తమ్మీ, పొయ్యి లేదు, పొగగొట్టం లేదు. ముందుగాల గోడ పలగ్గొట్టి మల్ల పూడ్సుడా?"

"అన్నా, పుస్తకంల గట్లనే ఉన్నది."

"పుస్తకంల మీ అవ్వ ఉన్నదా?"

అవ్వ వంటింట్లోంచే అందుకుంది. "నా గిన్నెలు యాడ పెట్టాలెరా? నీ బుక్కుల నడుమ పెట్టాల్నా?"

గిన్నెలు నిజంగానే నా పుస్తకాల నడుమకు వచ్చాయి. అల్మారి అరలు ఊడదీయించి గూడు పెద్దది చేయించాను. పట్నం నుంచి డబ్బా వచ్చింది. తీరా జరిపితే అది ముందుండే చట్రంతో సహా మొత్తం లోపలికి పోయింది. నేను రాసుకున్నది ముందుండే అద్దం చట్రం కొలత. లోపలికి పోవాల్సిన డబ్బా అంతకంటే చిన్నది. (ఆ సంగతి తర్వాతి పేజీలో ఉందట.) చట్రం ఆనడానికి చుట్టూ మళ్లీ ఇటుక కట్టించాల్సి వచ్చింది. షాకన్న నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

సాయంత్రం మంట మీట, వేడి మీట రెండూ నొక్కాను. మంట లేచింది. వేడిగాలి బుస్సుమంది. బాపు దాని ముందు కూర్చుని అటూ ఇటూ వంగి చూశాడు.

"దీంట్ల ఏం ఏస్తరురా?"

"ఏం ఎయ్యద్దు బాపు."

"మరి ఎవలు ఎగదోస్తరు?"

"ఎవ్వలు ఎగదోసుడు లేదు. దానంతట అదే మండుతది."

"అయితే దానికి నాతోని ఏం పని?"

తెల్లారి ఐదింటికి గొంగడి బయటికి వెళ్లిపోయింది, లోపల బాపుతో సహా. నేను వెనుకే పరుగెత్తి వీధి మలుపులో పెద్దబాపు ముందు నిలబడ్డాను. డాక్టర్ మాట చెప్పాను. చెబుతుంటే నాకే దగ్గొచ్చింది. (ఆ పొగ నాకూ పడదు.) పెద్దబాపు నిప్పుల మీద మట్టి తోసి లేచాడు.

"పదుండ్రి. పోరడు గోడ పలగ్గొట్టుకున్నడు, సూడకుంటె ఎట్ల?"

మంట చుట్టూ కూర్చున్న నలుగురూ లేచి వచ్చారు. వస్తూ తలా ఒక కట్టె తెచ్చారు. హాల్లో, అవ్వ తుడిచిన బండల మీద పెట్టారు.

"పెద్దబాపు, ఇది కట్టెలు తినదు."

"తినకుంటె మానె. మంట కాడికి ఉత్తచేతులతోని వస్తరారా ఎవలన్న?"

బాపు ఒక కట్టె అందుకుని, అద్దం ముందు సరిగ్గా జరిపి, స్థిమితంగా కూర్చున్నాడు.

ఇక ఆ చలికాలమంతా నాకు నిద్ర లేదు. నాలుగున్నరకు లేచి తలుపు తీయాలి, ఆరుగురికి చాయ్ పెట్టాలి (నలుగురు ఆరుగురయ్యారు), ముళ్లకట్టెలు ఏరి పక్కన పెట్టాలి, ఆపైన బస్సెక్కాలి. బస్సులో నిద్రపోయి మొయినాబాద్ దాటి ఎన్నిసార్లు దిగానో కండక్టర్‌కే తెలుసు. కానీ బాపు దగ్గు తగ్గుతూ వచ్చింది. మాఘం నాటికి డాక్టర్ ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "ఏం చేశారు?" అన్నాడు. నేను వాట్ల గురించి వివరంగా చెప్పాను.

ఆ వారమే అద్దం తుడుస్తుంటే చేతికి వేడి తగల్లేదు. చూస్తే మంట మీట వేసి ఉంది, వేడి మీట బందు చేసి ఉంది.

"బాపు, ఇది ఎప్పటి సంది బందున్నది?"

"రెండో నాటి సంది. ఆ గాలి మోతకు ఒకని మాట ఒకనికి ఇనస్తలేదు. నువ్వు ఫికర్ జేస్తవని చెప్పలే."

"మరి చలి?"

"గొంగడి ఉన్నది గద."

వారం రోజుల నోట్సు తీసి గిన్నెల కింద పరిచాను. ఇప్పుడు తలచుకుంటే ఆ కుర్రవాడి మీద కోపం రాదు. రాసుకున్నది తప్పు కొలతే అయినా, గోడ పగలగొట్టింది మాత్రం సరైన చోటే.

ఇక కృతజ్ఞతలు. పగలగొట్టిన గోడకు మళ్లీ ఇటుక కట్టించినా నన్నో మాట అనని షాకన్నకు. మొదటి కట్టె తెచ్చిన పెద్దబాపుకు. నన్ను వెనక్కు వచ్చే బస్సెక్కించిన కండక్టరన్నకు. ఇప్పటికీ గిన్నెలు నా పుస్తకాల నడుమే పెట్టుకుంటున్న అవ్వకు. చలికాలమంతా చల్లటి మంట ముందు కూర్చుని నాతో ఒక్క మాట అనని బాపుకు. ఆయన ఇప్పుడూ నా పక్కనే కూర్చున్నాడు, ఏం రాస్తున్నావని అడుగుతున్నాడు. మా ఇద్దరి ముందూ చింతకట్టె ఒకటి ఉంది. దాన్ని తెచ్చింది నేనే.