అల్లుడి బూట్లలో బీరపీచు

మా ఆయన పాదాల గురించి రాస్తున్నానంటే ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. ఆయనైతే పేపరు చాటునుంచి "ఇంకేమీ దొరకలేదా రాయడానికి?" అన్నారు. దొరికితే రాయనా? నా కాపురం మొదటి ఏడాదంతా ఆ రెండు పాదాల చుట్టూనే తిరిగింది.

యాభైలు ఇంకో ఏడాదిలో అయిపోతాయనగా మా పెళ్లి జరిగింది. అలకపానుపు మీద కూర్చున్న పెళ్లికొడుకు సైకిలు అడుగుతాడు, లేదా చేతిగడియారం అడుగుతాడు. మా నాన్న రెండింటికీ సిద్ధపడే ఉన్నాడు. ఈయన బూట్లు అడిగారు. అప్పుడే గ్రామసేవక్ ఉద్యోగం వచ్చింది. ఊరూరూ తిరిగి రైతులకు జపాను పద్ధతి వరిసాగు గురించి, ఎరువుల గురించి చెప్పే పని. ట్రైనింగులో ఆఫీసర్ల కాళ్లకు నల్లగా మెరిసే బూట్లు చూసి వచ్చారు. మా వంశంలో బూట్లు వేసుకున్న మనిషి లేడు. మా నాన్న నెల్లూరికి పోయినా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి, టౌను మొదట్లో కాళ్లకు తొడుక్కునేవాడు.

కాలి కొలత ఇమ్మని కొత్త అల్లుణ్ణి అడగడం మర్యాద కాదని నాన్నకు తోచింది. అడగాల్సిన పని కూడా లేదన్నాడు. పెళ్లిపీటల మీద అల్లుడి కాళ్లు కడిగింది తనే కాబట్టి, ఆ పాదం కొలత తన చేతికి గుర్తుండిపోయిందట. జానెడు, పైన మూడు వేళ్లు. నెల్లూరు బజారులో అంగడివాడి ముందు ఆ జానెడూ మూడు వేళ్లూ చూపించి, అలవాటు కొద్దీ కొసరు అడిగాడు. వంకాయలు కొన్నా కొసరు పడనిదే సంచి మూయని మనిషి. అదే ధరకు ఇంకో వేలు పొడుగున్న జత దొరుకుతుందని తెలిశాక వదులుతాడా? అలా మా ఆయన బూట్లకు ముందువైపు ఒక వేలు కొసరు వచ్చింది.

ఆయన వాటిని తొడుక్కుని నాలుగడుగులు వేసి "కొలిచి కుట్టినట్టుండాయి మామా" అన్నారు. మడమ లోపల లేచి పడుతున్న చప్పుడు గడప అవతల ఉన్న నాకు వినిపించింది. కొత్త పెళ్లికూతుర్ని కదా, నోరు మూసుకున్నాను. ఆ తర్వాత ఎన్నడూ మూసుకోలేదని ఆయన అంటారు.

ఉద్యోగం విడవలూరు దగ్గర, సముద్రానికి పెద్ద దూరం లేని ఒక ఊళ్లో. రెండు గదుల పూరిల్లు అద్దెకు తీసుకున్నాం. వెనక వసారాలో నేనే మట్టి పిసికి పొయ్యి వేసుకున్నాను. ఆ పొయ్యి సంగతి ఇక్కడే చెప్పాలి. మా అత్తగారిది పడమటి వైపు మెట్టపల్లె. ఉమ్మడి కుటుంబం. ఒకటే వంటిల్లు, నాకు ముందు వచ్చిన ఇద్దరు తోటికోడళ్లు, వాళ్లందరి పైన మా అత్త. పెళ్లయిన కొత్తలో రెండు నెలలు అక్కడున్నాను. కూరలో ఉప్పు ఎంత వెయ్యనని అడిగితే ఎవరూ చెప్పలేదు, వేశాక మాత్రం అందరూ చెప్పారు. అలాంటి నేను ఇక్కడ నా పొయ్యి మీద, నా కుండలో, నాకు తోచినంత ఉప్పు వేసి వండుకుంటున్నాను. స్వర్గమంటే ఇంతకు మించి ఉంటుందని నేననుకోలేదు.

అంతలో వానలు పట్టుకున్నాయి. మా వైపు కార్తీకంలో వాన మొదలైతే గట్టేదో మడేదో తెలియదు. ఊరంతా ఒట్టి కాళ్లతో బురదలో హాయిగా తిరుగుతుంటే ఈయన ఒక్కరే బూట్లతో చపచపమంటూ నడిచేవారు. పొద్దున బూటులోకి దూరిన నీళ్లు సాయంత్రం దాకా బయటికి వచ్చేవి కావు. రైతుల ఇళ్లలో అరుగెక్కాలంటే బూట్లు విప్పి కాళ్లు కడుక్కోవాలి కదా. ఈయన లేసు మీద చెయ్యి వెయ్యగానే అరుగు మీది ముసలాళ్లు గాలి ఎటు వీస్తోందో చూసుకుని అటు జరిగి కూర్చునేవారట. ఒక పెద్దాయన "అయ్యా, అమోనియా మూట విప్పినట్టుండారే, ముందు మా మళ్లో చల్లిపోండి" అన్నాడట. ఇంటికొచ్చి ఆయనే చెప్పారు. నేను నవ్వితే మళ్లీ ఆయనకే కోపం.

నెల తిరిగేసరికి నవ్వే స్థితి దాటిపోయింది. వేళ్ల సందులు నానినాని తెల్లబడి చిట్లాయి. వదులు బూటులో మడమ ఒరుసుకుని బొబ్బలెక్కింది, బొబ్బలు పుండ్లయ్యాయి. సాయంత్రం మేజోళ్లు లాగితే చర్మం కూడా ఊడి వచ్చేది. ఆయన పళ్లు బిగబట్టి పైకి చూసేవారు, నేను కిందికి చూడలేకపోయేదాన్ని. ఆసుపత్రిలో కాంపౌండరు ఊదారంగు మందు పూసి, కాళ్లు పొడిగా ఉంచుకోకపోతే లాభం లేదు, ఈ బురదలో తిరిగే ఉద్యోగం మానుకోండి అన్నాడు.

ఈ కబురు ఎవరు చేరవేశారో గాని మా బావగారికి, అంటే ఆయన అన్నగారికి చేరింది. వెంటనే ఉత్తరం రాశారు. ఆ కాళ్లతో ఆ ఉద్యోగం ఏం చేస్తావు, వచ్చెయ్యి, ఇక్కడ మెట్టపొలం, పొడినేల, నీ భార్యకు వంటింట్లో చోటుంది అని. ఆ చోటు ఎంతో నాకు తెలుసు. రుబ్బురోలు పక్కన, గోడకు ఆనుకుని మోకాళ్లు ముడుచుకుంటే సరిపోయేటంత.

"ఏమంటారు?" అని అడిగాను.

"చూద్దాం" అన్నారు.

ఈ "చూద్దాం" అనే మాటను కనిపెట్టింది మగవాళ్లే అయి ఉండాలి. అవునో కాదో చెప్పకుండా ఆడదాని నిద్ర చెడగొట్టడానికి దీన్ని మించిన మాట లేదు.

"పోనీ ఆ బూట్లు అవతల పారేసి ఊళ్లో అందరిలా నడవండి" అన్నాను.

"అది మాత్రం కుదరదు" అన్నారు. ఆఫీసర్ల ముందు షోకు చేసుకోవాలని ఈయన ఆరాటం, ఆ షోకుకు నా పొయ్యి బలి అనుకున్నాను. ఇక నేనే ఏదో ఒకటి చెయ్యాలి. నిజం దాచుకోవడం దేనికి? నేను కాపాడుకోవాలనుకున్నది ఆయన కాళ్లనా, నా పొయ్యినా అంటే, పొయ్యినే.

మొదట పేపరుతో మొదలుపెట్టాను. పాత పేపరు నాలుగు మడతలు పెట్టి, బూటు ఆకారానికి కత్తిరించి రాత్రే లోపల పరిచాను. పొద్దున ఆయన కాలు పెట్టబోయి ఆగి, ఆ పేపరు బయటికి తీసి కళ్లకద్దుకున్నారు. అక్షరాల మీద కాలు పెడతానా అన్నారు. పాత నమ్మకాలు వదలండని ఊరూరా తిరిగి చెప్పే మనిషి! ఆ బూటులో తెల్లవార్లూ ఉన్న కాగితాన్ని కళ్ల దాకా తీసుకుపోవాలంటే ఎంత భక్తి ఉండాలో మీరే ఆలోచించండి. అక్షరాలు లేని అంచులు మాత్రం కత్తిరించి అతికిస్తానన్నాను. ఆయన ఆ పేపరు మడిచి తీసుకుపోయి పెట్టెలో దాచారు.

తర్వాత గోనెపట్ట. నాకు దొరికిన గోనె ఎరువు సంచిదని అప్పుడు ఆలోచించలేదు. పుండ్లు భగ్గున మండి, ఆయన నడిదారిలో బూట్లు విప్పేసి కాలువలో దిగి నిలబడ్డారట. నీటి మట్టం కొలుస్తున్నారేమో అనుకుని రైతులు నలుగురు చుట్టూ చేరారట. కొబ్బరిపీచు కూడా పెట్టి చూశాను. దాంతో రెండు గంటలే నడిచారు. ఆ రెండు గంటల గురించి రెండు రోజులు చెప్పారు.

మా పక్కింట్లో చేపలమ్ముకునే ఆవిడ ఉండేది. ఒకరోజు బావి దగ్గర ఎండు బీరకాయ పీచుతో మడమలు రుద్దుకుంటూ నన్ను చూసి నవ్వింది.

"ఏందమ్మా, నీ మొగుడి కాళ్ల కత ఊరంతా చెప్పుకుంటాండారు?"

తడి పీల్చే వస్తువు ఏదీ దొరకడం లేదని చెప్పుకున్నాను.

"పీల్చేదెందుకమ్మా? పీల్చింది పెట్టుకోనుంటాది గదా. వదిలేది కావాల. ఇదో, ఈ పీచు సూడు, ఇప్పుడే ముంచినాను" అని రెండుసార్లు విదిలించి నా చేతిలో పెట్టింది. సగం ఆరిపోయి ఉంది.

నెల రోజులుగా నేను తడిని దాచిపెట్టే వస్తువుల కోసమే వెతుకుతున్నానని అప్పుడు తెలిసింది. ఆవిడ తన చూరుకు విత్తనం కోసం కట్టుకున్న నేతిబీరకాయలు నాలుగు తెంపి ఇచ్చింది, గింజలు మాత్రం తిరిగి ఇమ్మంది. ఆ పీచు నానబెట్టి, నిలువునా చీల్చి, బియ్యం డబ్బా కింద పెట్టి బల్లపరుపుగా అణిచాను. ఆయన్ను నిలబెట్టి పాదం చుట్టూ బొగ్గుతో నేల మీద గీశాను. ఆ గీత ప్రకారం కత్తిరించి, గుచ్చుకోకుండా పైన ఆయన పాత పంచె ముక్క కుట్టాను. బూటు ముందు మిగిలిన ఖాళీలో కూడా ఇంత పీచు కూరాను. మా నాన్న అడిగి తెచ్చిన కొసరు అలా పూడింది.

రెండు జతలు చేశాను. ఒకటి కాళ్ల కింద ఉంటే రెండోది ఆరాలి. వానల్లో ఎండ ఎక్కడిది? పొయ్యి పైన గోడకు తాడు కట్టి వేలాడదీశాను. బూటులో పెట్టే వస్తువును పొయ్యి దగ్గరికి తెస్తే మా అత్తగారు ఇల్లంతా కడిగించి, ఆపైన నన్ను కూడా కడిగించేది. నాకూ మొదటిరోజు చెయ్యి ఆడలేదు. తర్వాత, పొయ్యి నాది కదా అని గుర్తొచ్చింది.

పదిహేను రోజులకు మడమలు మానాయి. నెలకు వేళ్ల సందుల్లో కొత్త చర్మం వచ్చింది. ముసలాళ్లు అరుగు మీద జరగడం మానేశారు. బావగారి ఉత్తరం మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తితే మళ్లీ ఎక్కడ "చూద్దాం" అంటారోనని భయం.

అప్పుడే మా నాన్న మమ్మల్ని చూడవచ్చాడు. వసారాలో అన్నానికి కూర్చుని పొయ్యి పైకి చూశాడు.

"ఇదేం చేపమ్మా, ఇంత పలకమాదిరిగా ఉండాది?"

నేను నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నారు. "ఈడ దొరికే రకమే మామా."

"కూర బాగుంటాదా?"

"మీ కూతురు చేస్తే బాగానే ఉంటాది."

నేను పెరటిదారిన పక్కింటికి పరిగెత్తి ఎండుచేపలు తెచ్చి వండాల్సి వచ్చింది. సంగతి విన్న పక్కింటావిడ నవ్వలేక చూరు పట్టుకుంది. నాన్న రెండుసార్లు వడ్డించుకుని, పోయేటప్పుడు అమ్మకు నాలుగు కట్టివ్వమన్నాడు. చూపు మాత్రం పొయ్యి పైన ఉన్నవాటి మీదే. అవి ఇంకా బాగా ఎండలేదని చెప్పి తప్పించుకున్నాను.

బయల్దేరుతూ "బూట్లు సరిపోయినాయా అల్లుడా?" అని అడిగాడు.

"కొలిచి కుట్టినట్టుండాయి మామా."

ఈసారి అది నిజమే. నాన్న తన చేతిని ఒకసారి విప్పి చూసుకుని, సంతోషంగా బస్సెక్కాడు.

నాన్నకు నిజం చెప్పేస్తే ఏం పోయేదని అడిగాను. మా ఆయన బూట్ల లేసులు కట్టుకుంటూ, "నా కాళ్లు కడిగిన మనిషి. నీ కొలత తప్పని ఆయనతో ఎట్టా చెప్పేది?" అన్నారు. ఈయన షోకు అని నేను ఇన్నాళ్లూ తిట్టుకున్నది ఇదన్నమాట. నేను చేపకూర గిన్నె కడగడానికి పోయాను.

కథ ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. ఐదారేళ్లు గడిచాయి. ముత్తుకూరు వైపు, తోటపల్లి గూడూరు వైపు బదిలీ అయ్యాం. ఎక్కడికి పోయినా ముందు నేను పొయ్యి వేసుకోవడం, తర్వాత బీరపాదు పెట్టడం. బావగారి కూతురికి ఓణీల వేడుక అంటే అందరం మెట్టపల్లెకు పోయాం. ఆ ఇంట్లో వచ్చిన ఉత్తరాలన్నీ ఒక ఇనపతీగకు గుచ్చి గోడకు తగిలిస్తారు. మా పెద్ద తోటికోడలు ఆ తీగ దించి, ఒక కార్డు లాగి, "రామ్మా, నీకొకటి సదివి వినిపించాల" అంది. అప్పటికే ఆమె కళ్లు నవ్వుతున్నాయి.

మా ఆయన రాసిన కార్డు. "అన్నా, నీ ఉత్తరం నిన్ననే అందింది. నా కాళ్లు పూర్తిగా నయమైనాయి. ఉద్యోగం మానను. ఈ పిల్లకు ఇక్కడ ఇప్పుడిప్పుడే పొయ్యి కుదిరింది. దాన్ని కదిలించలేను."

బావగారి ఉత్తరం వచ్చిన మర్నాడు ఆయన కాలు బూటులో పెట్టలేక గోడ పట్టుకుని నిలబడ్డారు. అది నాకు బాగా గుర్తుంది. ఆ రోజే ఈ కార్డు రాశారన్నమాట. కార్డు కాబట్టి పోస్టుమాను చదివి ఉంటాడు, ఈ ఇంట్లో వాళ్లంతా చదివి ఉంటారు, నన్ను తలచుకున్నప్పుడల్లా నవ్వుకుని ఉంటారు. నేనొక్కదాన్నే, దక్కుతుందో లేదో అని ఆ పొయ్యి ముందు కూర్చుని పేపరు మీద, గోనె మీద, పీచు మీద పడ్డాను.

తిరుగు ప్రయాణంలో బస్సులో అడిగాను. నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదని.

"చెప్పుంటే నువ్వు కూర్చోని ఆ పీచు కుట్టేదానివా?" అన్నారు.

నెల్లూరు వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఏడుస్తున్నట్టు కనబడడం నాకిష్టం లేదు. ఇంటికొచ్చాక కుట్టిన కొత్త జతకు పంచె ముక్క రెండు మడతలు వేశాను. ఇవాళ మెత్తగా ఉన్నాయే అన్నారు గాని, ఎందుకని అడగలేదు.

కుట్టేదాన్నే. ఈ మాట ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు. పేపరు పక్కన పెట్టి ఇది చదివితే ఇప్పుడు తెలుస్తుంది.