రాకెట్టు మనిషి పెట్టె

ఇది రాయడానికి కూర్చోవడం నాలుగోసారి. మూడుసార్లు కాగితం చించేశాను. పదేళ్ళ పిల్ల ఒకతె నిజం చెబితే, దాన్ని నేను అబద్ధం చేశాను. అప్పటినుంచీ ఆ సంగతి గుండెల మీద బరువుగా ఉంది. నా భార్యకు చెప్పలేదు. దేవుడి ముందు కూడా నోరు పెగల్లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలననుకుంటున్నాను.

హిందూపురంలో నాది గడియారాలు బాగుచేసే అంగడి. తొంభైల చివరికి వచ్చేసరికి గిరాకీ పడిపోయింది. ఆ రోజుల్లోనే బెంగళూరు నుంచి ఒకాయన ఆగిపోయిన వాచీ పట్టుకుని వచ్చాడు. వాచీ సంగతి మరిచిపోయి, ఎవరో చెయ్యి అతికించమని ఇచ్చిపోయిన, కువైట్ నుంచి వచ్చిన బొమ్మను చూస్తూ నిలబడ్డాడు. అంతరిక్షంలో యుద్ధాలు చేసే వీరుల బొమ్మలు అవి. మా వైపు వాటిని రాకెట్టు మనుషులు అనేవాళ్ళం. వాటిని పోగుచేసే పిచ్చివాళ్ళు దేశదేశాల్లో ఉన్నారనీ, తానూ ఒకడిననీ ఆయన చెప్పాడు. కీళ్ళు బిగువుగా ఉన్నాయా, రంగు అసలుదేనా, చేతిలో చిన్న తుపాకీ ఉందా, ఇవన్నీ చూడడం నేర్పించాడు. కానీ అన్నిటికన్నా ముఖ్యం పెట్టె. కంపెనీ అంటించిన టేపు తెగకుండా ఉంటే దాని ధరే వేరు. తెగితే అది ఉత్త ఆటబొమ్మ.

అలాంటి పెట్టెలు మా దగ్గర దొరుకుతాయని ఆయన కలలో కూడా అనుకోలేదు. మా ఇళ్ళ సంగతి ఆయనకేం తెలుసు? గల్ఫు నుంచి తండ్రి బొమ్మ తెస్తే దాన్ని పిల్లల చేతికివ్వరు. పాడుచేస్తారని పెట్టెతో సహా అద్దాల బీరువాలో, పింగాణీ కప్పుల పక్కన పెడతారు. పిల్లలు అద్దంలోంచి చూసుకోవాలి, అంతే. ఈ మాట చెప్పగానే ఆయన స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

అప్పటినుంచి ఆయనకు అమ్మడానికి అలాంటి పెట్టెలు కొంటూ ఆదివారాలు పరిగి, పెనుకొండ, ధర్మవరం తిరిగేవాణ్ణి. కంటికి గడియారాల అద్దం బిగించి చూసి నేను ఎంత చెబితే అదే ధర. ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు. వాచీల రిపేరు వాణ్ణి, ఇంత పెద్దరికం నాకెప్పుడు దక్కింది గనుక? అది తలకెక్కింది. ఒప్పుకుంటున్నాను.

పెనుకొండలో మాబున్ని అనే ఆమె ఇంటికి నేను వెళ్ళింది అలాగే. ఆమె భర్త కువైట్‌లో ఉన్నాడు. రెండేళ్ళుగా ఉత్తరం లేదు. బొమ్మ అమ్మి కుట్టుమిషను కొనుక్కోవాలని ఆమె ఆశ. పెట్టెను పైటకొంగుతో తుడిచి, రెండు చేతులతో నాకిచ్చింది. పెట్టె ముందున్న ప్లాస్టిక్ అద్దంలోంచి బొమ్మ కనబడింది: పచ్చటి శిరస్త్రాణం, ఎండ్రకాయ డెక్కలాంటి ఒక చెయ్యి. నేనంతకు ముందు చూసినవాటిలో అదే మేలైనది. నాకు టీ పెడతానని మాబున్ని వంటింట్లోకి వెళ్ళింది. కూతురు షాహీన గడప దగ్గర కూర్చుని లెక్కలు చేసుకుంటోంది.

టేపు అసలుదా, మళ్ళీ అంటించిందా అని తెలుసుకోవడానికి నాకో పద్ధతి ఉండేది. బొటనవేలి గోరుతో అంచు ఒక్క రవ్వ లేపి, కింది జిగురు రంగు చూసేవాణ్ణి. బెంగళూరాయన వద్దని చెప్పినా మానలేదు. ఎన్నో పెట్టెలకు అలా చేశాను, ఏమీ కాలేదు. ఆ టేపు ఎండకు పెళుసెక్కిందని నేను గమనించలేదు. పుటుక్కున తెగింది. పెట్టె మూత లేచింది.

 అప్పుడే మాబున్ని టీ గ్లాసుతో వచ్చింది. నేను తల ఎత్తకుండానే అన్నాను: "దీన్ని ఎవరో ముందే ఇప్పినారక్కా."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "యాడిదన్నా? ఆయప్ప తెచ్చిన కాడ్నించి బీరువాలోంచి తీసిందే లేదు." తర్వాత కూతురివైపు తిరిగింది. "నువ్వు ఇప్పినావా పాపా?"

"లేదుమా. నేను తాకనే లేదు."

"ఇంట్లో ఉండేది మనిద్దరమే కదా. నేను ఇప్పలే."

"నేనూ ఇప్పలేదుమా."

షాహీన తల్లిని కాదు, నన్ను చూస్తూ చెప్పింది. నేను చూపు దించుకుని కంటి అద్దం తుడుచుకుంటూ కూర్చున్నాను. ఒక్క మాట చాలు. చెయ్యి జారిందక్కా అంటే సరిపోయేది. చెంపదెబ్బ వినబడింది. అప్పుడైనా అనలేదు.

నా చెయ్యి నిజంగా జారిందా, లేక తక్కువకు కొని, టేపు మళ్ళీ అంటించి అమ్ముకోవచ్చని నేనే జారనిచ్చానా? ఇన్నేళ్ళుగా నన్ను నేను ఇదే అడుగుతున్నాను. జారిందనే అనుకుంటాను. కానీ తర్వాతి మాట జారింది కాదు కదా. అది నేను అన్నదే. తప్పు ఒప్పుకుంటే నా పేరు పోతుంది, పెనుకొండలో ఇంకెవరూ నాకు బొమ్మ చూపించరు, అన్న భయం ముందు ఆ పిల్ల నాకు కనబడలేదు. ఆటబొమ్మ ధరే ఇచ్చి పెట్టె తెచ్చుకున్నాను. కుట్టుమిషను రాలేదు. మాబున్ని బీరువా తాళంచెవి నడుముకు కట్టుకుని తిరిగేదనీ, అయినవాళ్ళంతా షాహీనను అబద్ధాలకోరు అంటారనీ తర్వాత ఎవరో చెప్పారు. ఆ వీధికి మళ్ళీ వెళ్ళలేదు. ఆ వ్యాపారమూ మెల్లగా వదిలేశాను. అంతమాత్రాన ఏమైంది?

చాలా ఏళ్ళకు, మా చెల్లెలి కూతురి పెళ్ళికి చీరలు కొందామని ధర్మవరం వెళ్ళాను. అంగట్లో చీరలు మడతపెడుతున్న అమ్మాయి నన్నే చూస్తోంది.  గుర్తుపట్టింది, నలుగురిలో కడిగేస్తుంది అనుకున్నాను. పారిపోదామని లేచాను కూడా. ఆమె దగ్గరికొచ్చి, తాను మాబున్ని కూతురినని చెప్పింది. తల్లి పోయి ఏడాదైందట. మంచాన పడినప్పుడు కూడా ఆ పెట్టె మాటే ఎత్తేదట.

"ఆఖరికి నేనే ఇప్పినానని ఒప్పుకున్న్యా మామా. అమ్మ నా తల నిమిరింది. తలుచుకుంటే నేనే ఇప్పింటా అనిపిస్తాది. చిన్నపిల్లను, ఆశ ఉండదా? కానీ అంతవరకూ నువ్వే ఇప్పినావని శానా ఏండ్లు నిన్ను తిట్టుకున్న్యా. తప్పు చేసినా. నన్ను మన్నించు."

నిజం చెప్పేస్తే తల్లి చేతి స్పర్శ ఒక్కటే మిగిలిన ఆ పిల్లకు, అదీ అబద్ధం వల్లే వచ్చిందని చెప్పినట్టవుతుంది. అప్పుడు నాకు నేను చెప్పుకున్న సాకు ఇది. సాకేనా? అందులో కొంత నిజం ఉందేమో. నాకు తెలియదు. నా పెదవులు మాత్రం వాటంతట అవే కదిలాయి.

"పోనీలే పాపా. నేనేమీ మనసులో పెట్టుకోలే."

ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది. నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. యజమానికి చెప్పి చీర మీద కొంత తగ్గించింది కూడా. ఆ నీళ్ళు తాగాను. ఆ తగ్గింపూ తీసుకున్నాను.

మీరు చదివినంత మాత్రాన నా తప్పు తగ్గదు. షాహీనకు ఈ కాగితం చేరాలో వద్దో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఒక్క నిజం మాత్రం ఈసారి కాగితం చించకుండా రాయగలిగాను, ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ పెట్టెను షాహీన తాకలేదు. విప్పింది నేను. ఆ తర్వాత ఆమెను క్షమించిందీ నేనే.