డాక్టరమ్మ చిన్న జీపు

పోయిన నెల నేనూ మా ఆయనా నల్గొండలో ఒక కార్ల షోరూముకు వెళ్లాం. అద్దాల గదిలో, సిమెంటుతో చేసిన ఉత్తుత్తి బండరాళ్ల మీద ముందు చక్రం ఒకటి పైకెక్కించి, చిన్న జీపులాంటి కొత్త బండిని నిలబెట్టారు. కూర్చొని చూడమంటే ఎక్కి కూర్చున్నాను. మామూలు గేరు పక్కనే, నాలుగు చక్రాలూ మెల్లగా బలంగా లాగేందుకు, ఇంకో పొట్టి గేరు ఉంది. దాని మీద అరచెయ్యి వేశాను. చల్లగా, గుండ్రంగా చేతిలో ఇమిడింది. అంతే, తడిసిన కాన్వాసు గుడ్డ వాసనా, పెట్రోలూ, గొర్రెల ఉన్నీ అన్నీ కలిసి ముక్కుకు తగిలాయి. ఆ గదిలో అవేవీ లేవు. కొత్త ప్లాస్టిక్కు వాసన తప్ప. అమ్మకాలాయన మాత్రం చెప్పుకుపోతున్నాడు. గుట్టలెక్కుతుందట, వాగులు దాటుతుందట. "మీరు దీంతో ఏ వాగు దాటారు?" అని అడిగాను. ఆయన నవ్వి ధరల కాగితం చేతికిచ్చాడు. మా ఆయన నా మోచెయ్యి నొక్కాడు. కొనకుండానే వచ్చేశాం. ఎవరేం చెప్పినా వెంటనే నమ్మలేని ఈ గుణం నాకు పుట్టుకతో రాలేదు. సుగుణ మేడం దగ్గర పని చేసిన రోజుల్లో అంటుకుంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు ఉద్యోగం దొరికింది. పాలమూరు వైపు, జడ్చర్ల నుంచి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో పశువుల దవాఖాన. నేను సహాయకురాలిని, సుగుణ మేడం డాక్టరు. అంతకు ముందు నకిరేకల్ దాటి పెద్దగా ఎక్కడా ఉండలేదు నేను. మేడంకు యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. కళ్లద్దాలకు దారం కట్టి మెడలో వేసుకునేది. ఒంటరిగా దవాఖాన వెనకే ఒక గదిలో ఉండేది. ఆమెకున్న ఆస్తి అంతా ఒక పాత పెట్రోలు జీపు. చిన్నది, పైన కాన్వాసు కప్పు, లోపల ఉత్త రేకు. ఏసీ లేదు, పాటల పెట్టె లేదు. గొర్రె పెంటికలతో లోపల నిండిపోతే బకెట్టు నీళ్లు కుమ్మరించి కడిగేసేవాళ్లం. చిన్న జీతం మనిషి కొనుక్కోగలిగిన బండి, ఎక్కడ చెడిపోయినా అక్కడే బాగుచేసుకోగలిగిన బండి.

ఆ ఊరివాళ్లకు ఆ జీపంటే పడేది కాదు. కారణం ఉంది. ఆ రోజుల్లో భూముల రేట్లు పెరుగుతున్నాయి. ఎక్కడి నుంచో పెద్ద కార్లు వచ్చేవి. నల్లద్దాలు పెట్టుకున్నవాళ్లు దిగి, గుట్టల వైపు చెయ్యి చూపించి, ఫోన్లలో మాట్లాడి వెళ్లిపోయేవాళ్లు. కొన్నాళ్లకు అక్కడ కంచె లేచేది. నిన్నటిదాకా మేకలు తిరిగిన చెలక ఇవాళ ఎవరిదో అయ్యేది. అందుకని నాలుగు చక్రాలతో ఏది వచ్చినా జనం అరుగుల మీద నుంచి లేచి చూసేవాళ్లు. ఇక మేడమేమో ప్రతి ఆదివారం ఒక్కతే జీపు తీసుకొని గుట్టల్లోకి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేది. బ్రోకర్లకు భూములు చూపిస్తుందని కొందరు, గుప్తనిధులు తవ్వేవాళ్లతో పొత్తు ఉందని కొందరు అనుకునేవాళ్లు. నేను కూడా కొంచెం కొంచెంగా అలాగే అనుకోవడం మొదలుపెట్టాను. సోమవారం పొద్దున జీపు చక్రాలకు ఎర్రమట్టి, కింద రాళ్లు గీరుకున్న గీతలు కనిపించేవి. రోగమున్న పశువు లేనిచోటికి పశువుల డాక్టరు ఎందుకు పోతుంది?

చివరికి ఒకరోజు సూదులు మరగబెడుతూ అడిగేశాను. "మేడం, ఆదివారాలు మీరు ఏడికి పోతరు?"

ఆమె కళ్లద్దాలు తీసి నన్ను చూసింది. "అనుమానమా?"

నేను సూదుల గిన్నె మీద మూత సర్దాను.

"మంచిగనే అడిగినవ్. ఎనుక గుసగుస పెట్టుడు కన్న నయం. ఊరికే పోత, రేణుకా. రాళ్ల మీదికి ఎక్కిస్త, దించుత. నాకు గదే సంబురం."

ఆ మాట నేను నమ్మలేదు. యాభై ఏళ్ల ఆడమనిషి సరదాకు రాళ్ల మీద బండి ఎక్కించి దించుతుందంటే, గుప్తనిధుల కథే ఎక్కువ నమ్మేట్టుగా ఉంది. నా మొహం చూసి ఆమెకు అర్థమైనట్టుంది. "నమ్మకు. ఆదివారం వచ్చి సూడు" అంది.

వెళ్లాను. నిజంగానే ఆమె అక్కడ చేసేది అదొక్కటే. సీతాఫలం పొదల మధ్య, ఏనుగు వీపుల్లాంటి బండల మధ్య దారి లేనిచోట దారి వెతికేది. కానీ వెతికే పద్ధతే వింత. ప్రతి ఎత్తు దగ్గరా బండి ఆపి, దిగి, ముందు నడిచి చూసొచ్చేది. "నడిసి సూడని జాగల చక్రం పెట్టొద్దు" అనేది. మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో నన్నే నడపమంది. "బొటనవేళ్లు స్టీరింగు లోపలికి పెట్టకు. రాయి తగిలి స్టీరింగు గిర్రున తిరిగితే వేలు ఇరుగుతది. దిగుడు కాడ పొట్టి గేరేసి ఇడిసిపెట్టు. బ్రేకు తొక్కినవంటే జారుతది." బండి ముక్కు కిందికి వంగి, ముందు నేల తప్ప ఆకాశం కనిపించనప్పుడు స్టీరింగును ఇంకా గట్టిగా పట్టుకున్నాను. జీపు మాత్రం ముసలి గేదెలా ఒక్కో అడుగే వేసుకుంటూ దిగింది. కిందికి చేరాక నాకు తెలియకుండానే గట్టిగా నవ్వాను. అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్లయిందో గుర్తులేదు.

"గింత పాత బండి మీద మీకు గింత నమ్మకం ఎట్ల మేడం?" అని అడిగాను.

"నమ్మకం ఎక్కడిది? రోజూ బానెట్ ఎత్తి సూస్త. కానీ ఇది దాసుకోదు. ఏదన్న కరాబైతే సప్పుడు చేస్తది, నూనె కారుస్తది. పెద్ద కార్లల్ల అన్నీ మూసి ఉంటయి. లోపట ఏమైతుందో కొన్నోనికి తెల్వది, అమ్మినోనికి తెల్వది."

తర్వాత వానాకాలం దగ్గరపడింది. వానలకు ముందు గొర్రెలకు చిటుకు రోగం టీకాలు వేయడం మా పని. ఆ ఊళ్లో మల్లయ్య అని పెద్ద మంద ఉన్న కాపరి ఉండేవాడు. ఎప్పుడూ భుజాన గొంగడి, మాట కటువు. ఆయన మందకు టీకాలు వేసిన వారానికే గొర్రెలు చావడం మొదలైంది. పొద్దున మేతకు పోయిన గొర్రె మధ్యాహ్నానికి నోట నురగతో పడిపోయేది. మేం వెళ్లేసరికి ఊరు ఊరంతా మల్లయ్య దొడ్డి దగ్గర ఉంది. జీపు ముందుకు పోకుండా అడ్డంగా నిలబడ్డారు.

"మీ సూది మందే సంపింది" అన్నాడు మల్లయ్య. "బుడ్డీల ఏం కలిపినవో చెప్పు డాక్టరమ్మా. గొర్లు సస్తే మేం చెలకలు అమ్ముకోని పోవాలె, నీ దోస్తులు కొనుక్కోవాలె. గదే కదా?"

నాకు భయం వేసింది. దానికంటే ఎక్కువగా, మందు నిజంగానే పాడైపోయిందేమో అనిపించింది. దవాఖానలో కరెంటు పోయి, టీకాల ఫ్రిజ్ ఆగిపోయిన రోజులున్నాయి. మేడం వాదించలేదు. "మందే కావొచ్చు" అంది. "కాకపోనూ వచ్చు. మిగిలిన బుడ్డీలు ల్యాబుకు పంపుత. ముందు ఒక గొర్రెను కోసి సూడనియ్యి. నువ్వు పక్కనే నిలబడు మల్లన్నా. నేను ఏది తీసినా నీ కండ్ల ముందే తీస్త."

అందరి ముందూ, చెట్టు నీడలో, చచ్చిన గొర్రె పొట్ట కోసింది. నేను గిన్నె పట్టుకొని కూర్చున్నాను. లోపలి నుంచి వచ్చిన వాసన పులిసిన మేత వాసన కాదు. నాకు తెలిసిన వాసనే, కానీ గొర్రె కడుపులో ఉండాల్సింది కాదు. గోళ్ల రంగు తుడిచే మందులాగా ఘాటుగా, కొంచెం తియ్యగా ఉంది. ఆ మాట మేడం చెవిలో చెప్పాను. ఆమె మల్లయ్యనూ వంగి వాసన చూడమంది. తర్వాత అడిగింది, "నీళ్లు ఏడ తాగినయి?"

"ఊరి కుంటల. ఎప్పటిలెక్కనే."

"కుంటల తాగిన గొర్లు ఊర్లె ఇంకా శానా ఉన్నయి. అవ్వి సావలే. ఏడ తాగినయి మల్లన్నా?"

ఆయన తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. అప్పుడు నిజం బయటికి వచ్చింది. గుట్ట మీద పాత రాతి క్వారీ ఒకటి ఉంది. దాన్ని ఎవరో కొని కంచె వేశారు. అందులోకి గొర్రెలు వస్తే కాళ్లు విరగ్గొడతామని బెదిరించారు. కానీ కొత్త గడ్డి అక్కడే మొలిచింది. కంచె కింద నుంచి మందను తోలుకుపోయాడు. ఆ సంగతి తెలిస్తే గొడవవుతుందని దాచాడు.

"నాతోటి వచ్చి సూపియ్యి" అంది మేడం.

ఆయన ఆ జీపు ఎక్కనని అంతకుముందు ఊరంతా వినేట్టు అన్నాడు. అయినా ఎక్కాడు. వెనక రేకు మీద గొంగడి పరుచుకొని కూర్చున్నాడు. ల్యాబుకు పంపాల్సిన గొర్రె ఒకటి గోనెసంచిలో ఆయన పక్కనే ఉంది. మంచి దారి క్వారీ గేటు వైపు పోతుంది కాబట్టి మేం వెనక నుంచి, బండల మీదుగా ఎక్కాం. పైకి చేరేముందే మేడం బండి ఆపి నేల చూపించింది. వానకు తడిసిన మట్టిలో లారీ జంట టైర్ల అచ్చులు లోతుగా దిగి ఉన్నాయి. "బరువుతోటి వచ్చింది. ఉత్తగ పోయింది" అంది, వెళ్లిన అచ్చులు పైపైనే ఉండడం చూసి. క్వారీ గుంతలో నీళ్ల మీద రంగురంగుల పొర తేలుతోంది. ఒడ్డున కప్పలు వెల్లకిలా పడి ఉన్నాయి. అదే వాసన. మల్లయ్య ముక్కుకు గొంగడి అడ్డం పెట్టుకొని, "లారీల్ల నీళ్లు తెచ్చి పోస్తున్నరనుకున్న" అన్నాడు సన్నగా.

సీసాలో నీళ్లు ముంచి మూత బిగించాం. తిరిగి జీపు దగ్గరికి వచ్చేసరికి గేటు వైపు నుంచి పెద్ద తెల్ల కారొకటి వచ్చి కొంచెం దూరంలో ఆగింది. మల్లయ్య చప్పున వెనక పడుకొని సీసాను పొట్ట దగ్గర పెట్టుకొని గొంగడి కప్పేసుకున్నాడు. ఇద్దరు దిగారు.

"ఏం పని మేడం ఈడ?"

"మా పిల్లకు బండి నేర్పిస్తున్న" అంది సుగుణ మేడం, నన్ను చూపించి.

"గుట్టల మీదనా?"

"రోడ్డు మీద అందరు నేర్చుకుంటరు."

వాళ్లలో ఒకడు జీపు వెనక్కి నడిచాడు. "గొంగడి కింద ఏంది?"

"సచ్చిన గొర్రె. ఏం రోగమో ఇంకా తెల్వది. ఎత్తి సూడు."

గోనెసంచి వాసన అప్పటికే పని చేస్తోంది. వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. మేడం నా వైపు తిరిగి, "నడువు రేణుకా, ఇయ్యాల దిగుడు నేర్చుకుందువు" అంది. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. పొట్టి గేరు వేసి, బొటనవేళ్లు బయట పెట్టి, బండల మధ్యలోకి బండిని వదిలాను. పెద్ద కారు కొంత దూరం వెంట వచ్చి, రెండు బండల సందు దగ్గర ఆగిపోయింది. మా జీపు ఆ సందులో అద్దాలు కూడా గీరుకోకుండా దూరిపోయింది. కిందికి చేరాక వెనక నుంచి మల్లయ్య గొంతు వినిపించింది. "అమ్మా, ఇగ లేవాల్నా?" మేడం నవ్విన నవ్వుకు నాకూ నవ్వాగక బండి పక్కకు ఆపాల్సి వచ్చింది.

ల్యాబు నుంచి వచ్చిన కాగితం టీకా మందు బాగానే ఉందని చెప్పింది. గుంత నీళ్లలోనూ గొర్రె కడుపులోనూ ఉన్నది ఫ్యాక్టరీల్లో వాడే రసాయనమేనని చెప్పింది. ఫిర్యాదు చేశాం. అధికారులు వచ్చేసరికి గుంతను మట్టితో పూడ్చేశారు. ఏ ఫ్యాక్టరీదో తేలలేదు. లారీలు మాత్రం మళ్లీ రాలేదు. మల్లయ్య మందలో మిగిలినవి బతికాయి. నేను సంతోషపడితే, "ఆగినయా, జాగా మార్చినయా?" అంది మేడం. ఆ తర్వాతి ఎండాకాలానికి ఆమెకు దూరం బదిలీ అయింది. అది ఆ క్వారీవాళ్ల పనేనని నేను కోపంగా అంటే ఒప్పుకోలేదు. "కావొచ్చు. నీకు తెల్వదు, నాకు తెల్వదు. తెల్వనిది తెల్సినట్టు చెప్పకు" అంది. జీపులో సామాను అంతా పట్టింది, ఇంకా జాగా మిగిలింది.

మరుసటి ఏడు టీకాలు వేసేటప్పుడు మల్లయ్యే మొదట మందను తోలుకొచ్చాడు. ఊళ్లో కొందరికి అప్పటికీ మా సూది మీద అనుమానమే. ఆయన మాత్రం నా చేతిలో నుంచి మందు బుడ్డి తీసుకొని ఎండకు పెట్టి చూసి, "తారీఖు సదువు బిడ్డా, గట్టిగ సదువు, అందరికి ఇనపడాలె" అన్నాడు. చదివాను. తర్వాత గొర్రెను తనే పట్టుకున్నాడు.

సుగుణ మేడం చనిపోయి రెండేళ్లయింది. నేనిప్పుడు ఆలేరు వైపు పని చేస్తున్నాను. ఏ ఊరికి పోయినా ఎవరో ఒకరు చెంబుతో నీళ్లిస్తారు. తాగేముందు వాసన చూడకుండా ఉండలేను. మొన్న ఒక అవ్వ నొచ్చుకుంది. "నా నీళ్ల మీద అనుమానమా బిడ్డా?" అంది. "నీ మీద కాదవ్వా, నీళ్లు ఏడికెల్లి వస్తున్నయో అని" అన్నాను. ఆమె చెంబు వెనక్కి తీసుకొని, తను కూడా మొహం దగ్గర పెట్టుకొని నిదానంగా వాసన చూసి, మళ్లీ నా చేతికిచ్చింది. ఆమె చూస్తుండగానే చెంబంతా తాగాను.